దక్షిణదేశపు కుర్రవాళ్ళు – కలకత్తా మైదానాలు

మనకు క్రికెట్ ఎట్టిదో కెనడావారికి మంచుమీద ఆడే హాకీ అట్టిది. సర్జాపుర తెలుగువారిలో టొరంటోలోనో మాంట్రియల్‌లోనో ఒక కొడుకో, కూతురో, మేనల్లుడో ఉన్నవారు కొద్దిమంది కారు. కనుక ఆ ఆట సంగతి మనకు బొత్తిగా కొత్త కాదు. 1963 జూన్ 5వ తేదీన మాంట్రియల్‌లోని క్వీన్ ఎలిజబెత్ హోటల్లో, నేషనల్ హాకీ లీగు అనే వృత్తిజట్ల సంఘంవారు సమావేశమై, ఇంకా మీసాలు రాని కుర్రవాళ్ళను వంతులవారీగా పేర్లు పిలిచి పంచుకొన్నారు. అప్పటికి లీగులో ఉన్నవి ఆరే జట్లు. ఆనాడు ఎన్నికైనవారు 21 మంది. మొట్టమొదట పిలిచిన పేరు గారీ మోనహన్, వయస్సు 16. ఈ పద్ధతికి డ్రాఫ్టు అని పేరు. క్రిందటి సంవత్సరం అట్టడుగున నిలిచిన జట్టుకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువగా ఉండవలెనన్న ధర్మం తరువాతి కాలంలో దానికి ఏర్పడింది. ఉన్నవాడే అంతా మ్రింగివేయకుండా చేసుకొన్న కట్టుబాటు అన్నమాట.

అంతకుముందు ఈ వేట ఎట్లా సాగేదో తెలియవలెనంటే బాబీ ఆర్ కథ చాలు. ఒంటారియోలో పారీ సౌండ్ అనే చిన్న ఊరివాడతడు. బోస్టన్ బ్రూయిన్స్ జట్టు మనుషులు వేరే పిల్లల ఆట చూడబోయి, అందరికన్నా చిన్నగా కనిపించిన ఈ పిల్లవాణ్ణి చూచి, వచ్చిన పనే మరచినారు. 1962లో, అతని 14వ యేట, ఒప్పందపు కాగితంమీద సంతకం చేయించారు. ఆ సంతకంతో ఆ బాలుని ముందు జీవితమంతా ఒక జట్టుకు కట్టుబడిపోయింది. అతడు ఆ ఆటలో మేటి అయినాడు సరే. కాని జట్లు ఊళ్ళవెంట తిరిగి పసిపిల్లలను ముందే కట్టివేసుకొనే ఈ రివాజు మాన్పించడానికే డ్రాఫ్టు పుట్టింది.

ఆ మాంట్రియల్ సభ జరిగిన ఆరవ నాడు, అంటే 1963 జూన్ 11న, హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీంగారు కన్నుమూశారు. ఈ రెండు సంగతులకూ కార్యకారణ సంబంధమేమీ లేదు. అయినా ఒక చోట ఆటగాండ్రను ఏరుకొనేందుకు ఒక పద్ధతి పుట్టిన వారంలోనే, మరొక చోట అటువంటి పనిని ఒంటిచేతితో ఇరవై ఏండ్లు నడిపిన మనిషి వెళ్ళిపోవడం నాకు చాలాకాలంగా మనసులో మెదులుతూనే ఉన్నది. మన దేశంలో ఫుట్‌బాల్ కుర్రవాళ్ళను ఎవరు చూశారు, ఎక్కడికి తీసుకొనిపోయారు, వారి వెనుక ఏమి మిగిలింది అన్న చరిత్ర తెలుగువారికీ, ఈ బెంగుళూరుకూ దగ్గరి చరిత్ర.

ఆ రోజులలో ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. ఐ.ఎఫ్.ఎ. షీల్డు 1893లోను, కలకత్తా లీగు 1898లోను మొదలైనవి. అక్కడి పెద్ద క్లబ్బులు మూడు: మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్. పేరుకు అందరూ అమెచ్యూర్లే. జీతమన్న మాట కాగితంమీద ఎక్కడా ఉండదు. ఉండేది రైల్వేలోనో, పోర్టులోనో, కస్టమ్సులోనో ఒక ఉద్యోగం, క్లబ్బు మెస్సులో భోజనం, పడక. దక్షిణాదిన ఒక గుమాస్తా కొడుక్కో, సిపాయి కొడుక్కో అది తక్కువ సంగతి కాదు. అందులోనూ ఏటేటా కొత్తగా సంతకం చేయవలసిందే. ఆ బదిలీల వారాలలో ఎదుటి క్లబ్బువాని కంటబడకుండా ఆటగాణ్ణి ఏ బంధువు ఇంట్లోనో దాచివుంచి, సంతకంవేళకు తెచ్చి దించడమన్నది కలకత్తా జానపద కథలలో చేరిపోయింది. డ్రాఫ్టు ధర్మానికి ఇది సరిగ్గా ఎదురు: ఎవరి గొంతు పెద్దదయితే ఆటగాడు వారివాడు.

కలకత్తావారి చూపు దక్షిణానికి మళ్ళడానికి బలమైన కారణమే ఉన్నది. తెల్లదొరల పటాలపు జట్లు ఏలుతూ వచ్చిన బొంబాయి రోవర్సు కప్పును 1937లో మొట్టమొదట గెలిచిన భారతీయ జట్టు కలకత్తాది కాదు, బెంగుళూరు ముస్లిమ్స్. 1938లోనూ వారే గెలిచారు. కంటోన్మెంటు పక్కన పెరిగిన పేటలలో, సోల్జర్ల ఆట చూచి, వట్టికాళ్ళతో నేర్చుకొన్న పిల్లలు వీళ్ళు. 1946–47లో మైసూరు రాష్ట్రం సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్సులో, జూలై 31న, ఫ్రాన్సుతో ఆడి 2–1తో ఓడిన మన జట్టుకు ఆ ఒక్క గోలు వేసిన సారంగపాణి రామన్ బెంగుళూరువాడు. స్వతంత్ర భారతానికి ఒలింపిక్సు ఫుట్‌బాల్‌లో తొలి గోలు అదే. ఆ జట్టులోనే 21 ఏండ్ల అహమ్మద్ ఖాన్ కూడా ఉన్నాడు.

ఈస్ట్ బెంగాల్ వ్యవహారాలు నడిపిన జ్యోతిష్ చంద్ర గుహగారికి ఆటగాణ్ణి పసికట్టడంలో అసాధ్యమైన నేర్పు ఉండేది. ఆయన కూర్చిన ముందువరుస చూడండి: కుడి అంచున వెంకటేశ్, అతని పక్కన అప్పారావు, నడుమ ధనరాజ్, ఎడమ లోపల అహమ్మద్ ఖాన్, ఎడమ అంచున సాలే. అయిదుగురూ దక్షిణాదివారే. అప్పారావు మన కాకినాడవాడు. 1940 దశకపు మొదటి యేండ్లలోనే కలకత్తా చేరి అక్కడ పాతకాపు అయినాడు. సాలే మలయాళదేశంవాడు. అహమ్మద్ ఖాన్ లండన్ నుంచి వచ్చిన మరుసటి యేడు, 1949లో చేరాడు. ఇంటి భాష వేరు, మతం వేరు, ఊరు వేరు అయిన ఈ అయిదుగురికి బెంగాలీ జనం పెట్టిన పేరు పంచపాండవులు! 1949లో లీగు, షీల్డు, రోవర్సు కప్పు మూడూ ఈస్ట్ బెంగాల్‌వే. షీల్డు వరుసగా మూడేండ్లు, 1951 దాకా, వారి చేయి దాటలేదు. 1951, 1952 సంవత్సరాలలో డ్యూరాండు కప్పు కూడా తెచ్చారు. తూర్పు బెంగాలు నుంచి దేశవిభజన కారణంగా ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన లక్షలాది జనానికి ఆ రోజులలో తలయెత్తుకొనేందుకు దొరికిన కొద్ది కారణాలలో ఈ జట్టు ఒకటి. ఒక కాకినాడ కుర్రవాడు, ఒక బెంగుళూరు కుర్రవాడు అక్కడ అంత ప్రేమకు పాత్రులయ్యారంటే, వలస వచ్చి బ్రతుకుతున్న మనం ఆ సంగతి చదివి ఊరకే పక్కకు పెట్టలేము.

అహమ్మద్ ఖాన్ పదేండ్లు అక్కడే ఆడాడు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10–1తో మనవాళ్ళు చిత్తయిన రోజున ఆ ఒక్క గోలు ఇతనిదే. 2017 ఆగస్టులో ఈ బెంగుళూరులోనే కాలం చేశాడు.

ఇక రహీంగారు. గుహగారు పండిన పండును చెట్టు నుంచి కోసినవారయితే, రహీంగారు పాదు చేసినవారు. 1909లో హైదరాబాదులో జన్మించారు, వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి చనిపోయేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుమార్లు రోవర్సు కప్పు గెలిచింది. కాని నన్ను ఎక్కువగా ఆకర్షించింది కప్పులు కావు, ఆయన కుర్రవాళ్ళకు పెట్టిన పోటీలు. ఒక పోటీలో బంతిని తనవద్ద ఉంచుకొని తిప్పుతూ పోరాదు, అందిన వెంటనే మరొకనికి ఇవ్వవలె. మరొక పోటీలో వాటంలేని కాలితో మాత్రమే ఆడవలె. పైపైన చూస్తే పంతులుగారి చాదస్తం. లోతుకు పోతే, పిల్లవాని సొంత సరుకేదో, అలవాటువల్ల వచ్చిన హంగేదో వేరుచేసి చూపే జల్లెడ అది. వాటమైన కాలు లాక్కొన్నాక మిగిలేది బుద్ధి. ఎక్కడ నిలబడవలెనో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూడగల పిల్లవాడు అప్పుడు బయటపడతాడు.

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. అతనిలోని ఆటను రహీంగారు పట్టుకొన్నారు. నగరానికి ప్రాక్టీసుకు రమ్మన్నారు. రావడానికి డబ్బు లేదన్నాడు కుర్రవాడు. సైకిలు బాడుగకు రహీంగారు తన జేబులోంచి ఇచ్చారు. మనం సర్జాపుర నుంచి అశోకనగరులోని ఫుట్‌బాల్ స్టేడియందాకా పోవడానికి కారు ఉండి కూడా ఎంత ఆలోచిస్తామో తలచుకొంటే, ఆ కుర్రవాని సైకిలు ఎంత తొక్కిందో తెలుస్తుంది. బలరాం 20 ఏండ్లకే 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆడాడు. మనవాళ్ళు నాలుగవ స్థానంలో నిలిచింది అక్కడే. 1960 రోమ్‌లో హంగరీమీద, పెరూమీద గోళ్ళు వేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టు శిక్షకులు రహీంగారే. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను తినివేస్తున్నది.

బలరాం కూడా 1957లో కలకత్తాకే పోయాడు, ఈస్ట్ బెంగాల్‌కే. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే పోయాడు. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ మొదట సెంటర్ ఫార్వర్డు. గోలు కాపలాకు మారి 1958లో ఆసియా మేటి గోల్‌కీపరనిపించుకొని, ఆపైన కలకత్తా క్లబ్బులకు ఆడాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన యేడు రాష్ట్రం తరఫున ఆడిన మహమ్మద్ హబీబ్, 1966లోనే ఈస్ట్ బెంగాల్ చొక్కా తొడిగాడు. అతడే 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్సులో, పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్‌మీద మోహన్ బగాన్ తరఫున గోలు వేశాడు.

తప్పు కలకత్తాదని నేననను. ఉద్యోగమిచ్చి, ఆదరించి, దేశమంతటికీ చూపించింది ఆ నగరమే. కాని కోసుకొన్న కొమ్మకు ఎరువు వేయవలసిన బాధ్యత ఎవరిదో ఎవరూ అడగలేదు. కాకినాడలో అప్పారావు ఆడిన నేలకు కలకత్తా నుంచి ఒక్క బంతి అయినా వచ్చే ఏర్పాటు ఉండినదా? 2001 నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఒక నియమం పెట్టింది: ఆటగాడు డబ్బుకు ఒక దేశం నుంచి మరొక దేశపు క్లబ్బుకు మారితే, ఆ సొమ్ములో 5 శాతం, అతనికి 12వ యేటి నుంచి 23వ యేటి వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచవలె. యాభై ఏండ్లు ముందు ఇటువంటిది మన దేశంలో లోపల ఉండివుంటే హైదరాబాదు, బెంగుళూరు మైదానాల జాతకం మరోలా ఉండేదేమో. రహీంగారి తరువాత హైదరాబాదు కొంతకాలం పాత పంటనే తిన్నది. 1974 ఆసియా యువజన పోటీలలో ఇరానుతో కలిసి విజేత అయిన భారత జట్టుకు నాయకుడు షబ్బీర్ అలీ హైదరాబాదువాడే. ఆ తరువాత ఊట సన్నగిల్లిపోయింది.

డ్రాఫ్టు మన దేశానికీ వచ్చింది. 2014లో ఇండియన్ సూపర్ లీగు మొదలైనప్పుడు మన ఆటగాళ్ళను ముంబాయిలో వంతులవారీగా ఎన్నుకొన్నారు, 2017లో మరొకమారు జరిగింది, ఆపైన మానివేశారు. వంతులు వేసుకొన్నంత మాత్రాన ఆటగాళ్ళు పుట్టరు కదా.

సర్జాపుర రోడ్డు పొడవునా శనివారం ఉదయం వలకట్టిన పచ్చతివాచీ మైదానాలలో మన పిల్లలు ఆడుతూంటారు. గట్టుమీద కూర్చున్న తల్లిదండ్రుల కంటికి ముందు పడేది పెద్ద ఒళ్ళు. కెనడాలో బార్న్స్‌లీ అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ 1985లో ఒక చిత్రమైన సంగతి ప్రకటించారు: హాకీకి ఎంపికైన కుర్రవాళ్ళలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పుట్టినవారే చాలా ఎక్కువ. కారణం జాతకం కాదు. వయస్సు లెక్క జనవరి 1తో కడతారు కనుక, ఆ నెలలవాడు తోటివారికన్నా కొన్ని నెలలు పెద్ద, కాస్త పొడుగు. చూచేవాడు దానినే ప్రతిభ అనుకొంటాడు. డిసెంబరులో పుట్టిన పిల్లవాడు బెంచీమీద మిగిలిపోతాడు. బోస్టన్ మనుషులు ఆ చిన్నపిల్లవానివద్ద ఆగిపోవడం, రహీంగారు వాటంలేని కాలితో ఆడించడం ఎంత తెలివో దీనితో అర్థమవుతుంది.

కర్ణాటక 2023 మార్చి 4న రియాద్‌లో మేఘాలయను 3–2తో ఓడించి, 54 ఏండ్ల తరువాత సంతోష్ ట్రోఫీ తెచ్చుకొన్నది. 2024 డిసెంబరు 31న అదే ట్రోఫీ అంతిమ పోటీ హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగింది. ఆడినవి బెంగాలు, కేరళ. ఆట ముగియబోతూండగా రబీ హన్స్‌దా వేసిన గోలుతో బెంగాలు గెలిచింది. ఆ జట్టు కలకత్తాకు రైలెక్కినా విమానమెక్కినా, ఈసారి వెంట తీసుకొనిపోవడానికి హైదరాబాదు కుర్రవాడెవడూ లేడు.