అండమాన్ జాతీయ ఉద్యానాలు: గుడారం వేసే ముందు తెలుసుకోవలసినవి

అండమాన్‌లో చీకటి తొందరగా పడుతుంది. దేశమంతటికీ ఒకే కాలమానం అమలులో ఉండడం వల్ల, బాగా తూర్పున ఉన్న ఈ దీవుల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాదు, విజయవాడల అలవాటుతో మధ్యాహ్నం భోజనం ముగించుకుని కొండ ఎక్కుదామనుకునేవారు దిగేలోగా దారి కనిపించని స్థితి ఏర్పడుతుంది. తెల్లవారడమూ అంతే తొందర. వేసవిలో 5 గంటలకే వెలుగు వస్తుంది. అందువల్ల ఇక్కడి వనవిహారం వేకువనే మొదలై మధ్యాహ్నానికి ముగియడం మేలు.

ఈ దీవుల నేలలో ఐదింట నాలుగు వంతులు అడవే. అందులో ఎక్కువ భాగం రక్షిత ప్రాంతం. అలాంటి చోట తీరాన గుడారం వేసి, నెగడు రగిలించి రాత్రి గడపాలన్న కోరిక సహజమే గాని, చట్టం దానికి గట్టి హద్దులు గీసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో ప్రవేశించడానికీ, బస చేయడానికీ అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. లోపల నిప్పు పెట్టడం, మండుతున్న నిప్పును విడిచి రావడం నేరం. నిర్జనంగా కనిపించినంత మాత్రాన ఏ తీరమూ గుడారానికి అనువైనది కాదు.

ఈ నిబంధనలకు కారణం ఉత్తర అండమాన్‌లోని కాలీపూర్ తీరంలో స్పష్టంగా తెలుస్తుంది. లెదర్‌బ్యాక్, హాక్స్‌బిల్, పచ్చ తాబేలు, ఆలివ్ రిడ్లే అనే నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే అరుదైన తీరం అది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రివేళ ఆడ తాబేళ్లు ఒడ్డుకు వస్తాయి. టార్చిలైటు పడినా, మనుషుల అలికిడి వినిపించినా అవి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతాయి. సుమారు రెండు నెలలకు గుడ్లు పొదిగి బయటపడే పిల్లలు వెలుతురు ఉన్న దిక్కునే సముద్రమని భావించి నడుస్తాయి. తీరాన నెగడు మండుతుంటే వాటికి అదే సముద్రం. మన సముద్రతీరాల్లో ఆలివ్ రిడ్లేల రాకను చూసినవారికి ఈ విషయం కొత్త కాదు. కాలీపూర్‌లో అటవీ శాఖ గుడ్లను సేకరించి, సంరక్షణ కేంద్రంలో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడిచిపెడుతుంది. ఆ దృశ్యం చూడదలచినవారు సిబ్బంది వెంట వెళ్లవలసిందే. ఊరిలో పర్యాటక శాఖ నిర్మించిన విడిది ఉంది కనుక ఇసుక మీద పడుకోవలసిన అవసరమూ లేదు.

కాలీపూర్‌కు దగ్గరలోనే సాడిల్ పీక్ జాతీయ ఉద్యానం ఉంది. 732 మీటర్ల ఈ శిఖరం అండమాన్ నికోబార్ దీవుల్లోకెల్లా ఎత్తయినది. లామియా బే వద్ద పేరు నమోదు చేసుకుని బయలుదేరితే శిఖరానికి సుమారు 8 కిలోమీటర్ల నడక. మొదటి భాగం తీరం వెంట సాగుతుంది. ఆ తరువాత దట్టమైన అడవిలో నిటారుగా ఎక్కాలి. ఎత్తు చూసి తేలిక అనుకోవడం పొరపాటు. గాలిలోని తేమ వల్ల ఒంట్లోని నీరు వేగంగా చెమటగా పోతుంది. కావలసిన నీరంతా వెంట మోసుకుపోవాలి. వానలు పడితే జలగల బెడద తప్పదు. వెళ్లిరావడానికి పగలంతా పడుతుంది కనుక తెల్లవారగానే బయలుదేరాలి.

దక్షిణాన శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వాండూర్‌లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం ఉంది. 1983 మే 24న ఏర్పడిన ఈ ఉద్యానం 15 దీవులతో 281.5 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. సందర్శకులను అనుమతించేది వాటిలో జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకే, అదీ వంతులవారీగా. వానలు తగ్గిన తరువాత వేసవి వరకు జాలీ బాయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ తెరుస్తారు. పగడపు దిబ్బలకు విశ్రాంతి ఇవ్వడమే ఇందులోని ఉద్దేశం. బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. ఒక పాదం మోపితే విరిగే ముక్క వెనుక ఎన్నో ఏళ్ల పెరుగుదల ఉంటుంది. 2010లో సముద్రజలం వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయాయి. వాండూర్ రేవులో సంచులు తనిఖీ చేసి ప్లాస్టిక్ సీసాలు, ప్యాకెట్లు ఆపేస్తారు. ఇవి పగటి సందర్శనకు ఉద్దేశించిన దీవులు. సోమవారం ఉద్యానానికి సెలవు.

పులులు, చిరుతలు లేని అడవులివి. ఆ మాట విని ధైర్యపడేవారు ఉప్పునీటి మొసలిని మరచిపోతారు. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లు దాని నివాసాలు. తీరం వెంట ఈదుతూ అది స్నానాల రేవులకూ వస్తుంది. 2010 ఏప్రిల్‌లో హావ్‌లాక్ దీవి (నేటి స్వరాజ్ ద్వీప్)లో నీటిలో ఉన్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. హెచ్చరిక ఫలకం ఉన్న చోట, సంధ్యవేళ, వాగు ముఖద్వారం దగ్గర నీటిలో దిగకూడదు. రాత్రి బసకు అనుమతి ఉన్నా అలాంటి చోటికి దూరంగా ఉండాలి.

ఉత్తర అండమాన్‌కు రోడ్డు మార్గం జారవాల గిరిజన రిజర్వు గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ నుంచి వాహనాలను నిర్ణీత వేళల్లో వరుసగా, పోలీసు రక్షణతో పంపుతారు. మధ్యలో ఆగడం, ఫోటోలు తీయడం, ఆహారం ఇవ్వడం 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ నిబంధనల కింద శిక్షార్హం. ఈ దారిలో దిగ్లీపూర్ చేరడానికి దాదాపు రోజంతా పడుతుంది. పడవలోనూ వెళ్లవచ్చు.

తెలుగు సందర్శకులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు ఉన్నాయి. ఆటుపోట్ల వేళలు, అలల తీరు తెలుసుకోవడానికి వారిని మించినవారు లేరు.

తిరుగు ప్రయాణంలో సంచి ఒకసారి చూసుకోవాలి. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలకు పులితో సమానమైన చట్టరక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఎండు ముక్క అయినా సరే, విమానాశ్రయ తనిఖీలో బయటపడితే కేసు తప్పదు.