అమ్ముడుపోయిన పిల్లలు తల్లులయ్యాక

విజయనగరం మహారాజు ఆనందగజపతి ఒక జాబితా తయారు చేయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ వ్యవధిలో డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన బ్రాహ్మణ వివాహాల లెక్క అది. గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆ అంకెలు ఇచ్చారు. మొత్తం 1034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఒక్కోసారి బేరం కుదిరేదట. ఈ అంకెల్ని మనం సంఘసంస్కరణ చరిత్రలో ఒక అధ్యాయంగా చదివి పక్కన పెట్టేస్తాం. కానీ అయిదేళ్ళకో అంతకు ముందో అమ్ముడైన ఆ 188 మందిలో బతికి బట్టకట్టి, ముండమోయకుండా కాపరానికి వెళ్ళినవాళ్ళు కొన్నేళ్ళకు తల్లులయ్యారు. ఒక దురాచారం వయసును చట్టం వచ్చిన తేదీతో కొలవకూడదనీ, దాన్ని అనుభవించిన ఆడపిల్లలు పెంచిన పిల్లలు ఎంతకాలం బతికారో అంతకాలం దానికి ఆయుష్షు ఉన్నట్టేననీ నా వాదన.

చట్టాల వరస చూడండి. ఆనందగజపతి శుల్కానికి వ్యతిరేకంగా మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 1891లో సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచారు. ఆడపిల్ల పెళ్ళికి పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్‌లో అమలైంది. అప్పటికి మహారాజు జాబితాలోని పసిపిల్లలు నడివయసుకు వచ్చారు, వాళ్ళ పిల్లలకూ పెళ్ళిళ్ళయిపోయాయి. చట్టం అడుగుపెట్టేసరికే ఆ ఇళ్ళలో ఒక తరం పెంపకం ముగిసిపోయింది.

ఆ పెంపకం ఎలాంటిదో ఊహించడానికి గురజాడ నాటకమే ఒక కిటికీ. నాటకం సాక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. అయితే గురజాడ ఈ అగ్రహారాలను ఎరిగినవాడు. పెద్దకూతురు బుచ్చమ్మను శుల్కానికి ముసలివాడికిచ్చిన అగ్నిహోత్రావధాన్లు, ఆమె విధవై ఇంట్లో కూర్చున్నా, చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లు అనే మరో ముసలివాడికి ఇస్తానంటాడు. తల్లి వెంకమ్మ ప్రాణం తీసుకోబోతుంది. అన్ని ఎత్తులూ ఎరిగిన ఆమె తమ్ముడు కరటకశాస్త్రి ఆ పెళ్ళి తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం కట్టించే నాటకమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. మనం కరటకశాస్త్రి యుక్తికి నవ్వుతాం, అవధాన్లు కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే గిరీశం మాటలకు నవ్వుతాం. కానీ ఆ ఇంట్లో బుచ్చమ్మా సుబ్బీ వెంకటేశమూ తల్లి చావుకు తెగించడం ఎరిగిన పిల్లలు. వెంకటేశం ఇంగ్లీషు చదువు తగలడినందుకు తప్పంతా గిరీశం మీదికే నెడతాం, ఆ ఇంటి వైపు చూడం.

ఈ ఊహకు ఆధారం ఈ కాలపు పరిశోధనలో ఉంది. కాలిఫోర్నియాలో వేలమంది పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగి చేసిన అధ్యయనాన్ని ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు వైద్యులు 1998లో ప్రచురించారు. ఇంట్లో హింస, లైంగిక దాడి వంటి చేదు అనుభవాలు ఎన్ని ఎక్కువుంటే, పెద్దయ్యాక కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం, గుండెజబ్బు అన్ని ఎక్కువగా కనిపించాయి. ఇరవయ్యేళ్ళ తరువాత, 2018లో, అమెరికాలోనే మరో బృందం తల్లిదండ్రుల బాల్యాన్ని వాళ్ళ పిల్లలతో జతచేసి చూసింది. నాలుగో అంతకుమించో చేదు అనుభవాలున్న తల్లిదండ్రుల పిల్లల్లో నిలకడలేని అతిచురుకుదనం, భావోద్వేగ సమస్యలు ఎక్కువ. తండ్రి బాల్యం కంటే తల్లి బాల్యం ప్రభావమే బలంగా తేలింది. అయిదేళ్ళకు అమ్ముడై, పన్నెండో పదమూడో ఏట పరాయి ఇంటికి వెళ్ళి, అక్కడ భర్త వయసు తండ్రి వయసును మించి ఉంటే, ఆ పరిశోధకులు లెక్కించిన చేదు అనుభవాల్లో రెండు మూడు ఒక్క పిల్ల జీవితంలోనే కలిసిపోతాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ రోజుల్లో అందరూ అలాగే చేశారు, అదే వాళ్ళకు మామూలు, ఇవాళ్టి కొలబద్ద వాళ్ళకు పెడతారా అని. సగం నిజమే. పిల్ల మేనరికంలో అమ్మమ్మగారింటికే వెళితే, పక్కింట్లో తన ఈడు కోడళ్ళుంటే దెబ్బ కొంత మెత్తబడుతుంది. అందరికీ జరిగేదన్నది ఒంటరితనాన్ని తగ్గిస్తుంది కూడా. కానీ అది మామూలే అయితే ఒక మహారాజు లెక్కలు ఎందుకు తీయించాడు? రాజమండ్రిలో వీరేశలింగం 1881లో వితంతువుకు పెళ్ళి ఎందుకు చేయించాడు? అది గాయమని వాళ్ళ కాలమే గుర్తించింది, మనం కొత్తగా పెట్టిన పేరు కాదు. ఇక మహారాజు జాబితా బ్రాహ్మణ కుటుంబాలది మాత్రమే. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న మిగతా కులాల్లో చాలామంది ఆడవాళ్ళు పొలంలో కూలికి వెళ్ళి తమ కష్టం తాము తిన్నారు. వాళ్ళ బాధలు వేరు. జిల్లా మొత్తానికి ఈ 188 మంది కథ అంటగట్టడం పొరపాటు.

రెండో అభ్యంతరం: ఇది తల్లి చేసిన కీడు కాదు, పేదరికమూ రక్తమూ చేసినది. ఇందులోనూ కొంత ఉంది. పద్దెనిమిదేళ్ళలోపు పెళ్ళయిన తల్లుల పిల్లల గురించి భారతీయ సర్వే అంకెలతో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్తి, చదువు వంటివాటిని లెక్కలోకి తీసుకున్నాక శిశుమరణాల తేడా నిలవలేదు. ఎదుగుదల లోపం, బరువు తక్కువ మాత్రం నిలిచాయి. అంటే పేదరికం చెప్పని భాగం ఒకటి మిగిలింది. ఆ భాగాన్ని తల్లి స్వభావానికి ముడిపెట్టడమే అసలు ప్రమాదం. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అని ఊరంతా అనేస్తుంది. గోవాలో బాలింతల మీద జరిగిన అధ్యయనాన్ని 2002లో ప్రచురించారు. కాన్పు తరువాత కుంగినవాళ్ళు 23 శాతం. పుట్టింది ఆడపిల్ల అయితే, భర్త కొడుతుంటే ఆ ముప్పు పెరిగింది. అంటే తల్లి నుంచి బిడ్డకు చేరేది ఆమె మనసు ఒక్కటే కాదు, ఆమెను అలా కూర్చోబెట్టిన ఇల్లు కూడా.

ఇదంతా పాత ముచ్చట కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం సగటు 23.3. శుల్కం పోయి కట్నం వచ్చింది, డబ్బు దిశ మారింది, చిన్న వయసు పెళ్ళి మాత్రం పూర్తిగా పోలేదు. వీళ్ళిప్పుడు కాన్పులకు పుట్టింటికి వస్తున్నారు. వీళ్ళ విషయంలో చేయగలిగింది లేకపోలేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల వంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కుంగిన గర్భిణుల ఇళ్ళకు పంపి మాట్లాడించారు. ఫలితాలు 2008లో వచ్చాయి. ఆరు నెలలకు కుంగుబాటులో మిగిలినవాళ్ళు అక్కడ 23 శాతం, మామూలు పద్ధతిలో వెళ్ళిన చోట 53 శాతం. బిడ్డల ఎత్తు, బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువమందికి పడ్డాయి, తల్లులతోపాటు తండ్రులు కూడా పిల్లలతో ఆడుకునే సమయం పెరిగింది.