జాబితాకెక్కని జబ్బు

2007 ఏప్రిల్ 1వ తేదీన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మూడు జిల్లాలలో మొదలయింది. ఆ మూడింటిలో అనంతపురం ఒకటి; తక్కిన రెండూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. పేదరికానికి నమూనా కావలసివచ్చినప్పుడల్లా పాలకులకు ముందుగా గుర్తుకువచ్చే జిల్లాలివి. తెల్ల రేషన్ కార్డు వున్న కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వైద్యం, చాలకపోతే మరొక 50 వేలు. ఆ మొదటి దశలో బీమా కంపెనీకి కిస్తు కట్టేది ప్రభుత్వం, చికిత్స చేసేది చాలావరకు ప్రైవేటు ఆసుపత్రి.

ఆ వేసవిలో నేను ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరడం కోసం ఎదురుచూస్తున్నాను. చేతిలో పని లేదు. శనక్కాయ విత్తడానికి వాన లేదు. కళ్యాణదుర్గం వైపు మా వూరి హోటల్లో రోజూ పొద్దున పత్రిక చదివి వాదులాడుకోవడమే మా వ్యాసంగం. పేదవాడికి దొరల ఆసుపత్రి తలుపు తెరుచుకుందని ఒక పక్షం. ప్రజల సొమ్మును కార్పొరేటు ఆసుపత్రులకు దోచిపెడుతున్నారని రెండవ పక్షం. నేను రెండవ పక్షంలో గొంతు చించుకున్నవాణ్ణి. ఆ వాదనను ఇప్పటికీ వదులుకోలేదు. అయితే మే నెలలో మా వూళ్ళో జరిగిన క్యాంపు తర్వాత, రెండు పక్షాలూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయని నాకు అనుమానం తగిలింది. డబ్బు ఎవరి జేబులోకి పోవాలన్నదే ఆ ప్రశ్న. జబ్బు ఎక్కడనుంచి వచ్చిందని ఏ పక్షమూ అడగలేదు.

ఒక పెద్ద ఆసుపత్రివారు బడి ఆవరణలో ఆ క్యాంపు పెట్టారు. మా అవ్వకు అప్పటికే నడుము వంగిపోయింది. మెడ తిప్పలేదు, కూర్చుంటే లేవలేదు. రెండు గంటలు వరుసలో నిలబడింది. డాక్టరు మంచివాడే, స్టెతస్కోపు పెట్టి గుండె విని, కాళ్ళు వంచి చూసి, "దీనికి ఆపరేషన్ లేదు, లిస్టులో లేదు" అని నొప్పి మాత్రలు రాశాడు. ఇంటికి వస్తూ అవ్వ అడిగింది: "ఏంరా, మన నొప్పి వాళ్ళ కాయితంలో రాయలేదంటనా?"

రాయలేదు. మొదటి దశలో ఆ కాగితం మీద వున్నవి 163 చికిత్సలు. గుండె, మూత్రపిండాలు, కాన్సరు, మెదడు నరాలు, కాలిన గాయాలు, ప్రమాదాలు. మా అవ్వది ఫ్లోరోసిస్. దాని కారణం బోరింగు నీళ్ళు. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు బోరు లోతుకు పోయేకొద్దీ నీటిలోకి ఎక్కువగా దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకూ ఎముకలకూ చేటు. పాలు, పప్పు లేని తిండి తినేవాళ్ళ మీద దాని దెబ్బ మరీ గట్టిది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతం, ఎండిన చెరువులు, ఏటేటా లోతుకు దిగే బోర్లు, పుష్టిలేని తిండి: ఈ పీఠభూమి ఆర్థిక స్థితి మొత్తం ఆమె వెన్నెముక మీద అచ్చుపడింది. మన దేశంలో ఈ వ్యాధిని వైద్యశాస్త్రం మొదట గుర్తించింది తెలుగు నేలమీదనే, 1937లో, నెల్లూరు జిల్లాలో. డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా దానికి మన ప్రభుత్వం దగ్గర వున్న మందు నొప్పి మాత్ర.

తర్వాత కాలేజీలో చేరి చరిత్ర చదువుకునేటప్పుడు, ఈ సీమ ఆరోగ్యాన్ని గురించి సర్కారులో ఇంతకంటే గట్టి వాదన ఒకటి 130 ఏళ్ళ క్రితమే జరిగిందని తెలిసింది.

1876-78 నాటి ధాత కరువు మాట మన పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. అనంతపురం అప్పటికి ప్రత్యేక జిల్లా కాదు, బళ్ళారిలో భాగం; 1882లో గాని విడిపోలేదు. కరువు పనులలో వేలాదిమంది రాళ్ళు కొడుతున్నారు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. ఈ టెంపుల్ 1874లో బీహారు కరువులో జనాన్ని బతికించి, అందుకు విపరీతంగా ఖర్చుపెట్టాడని చీవాట్లు తిన్నవాడు. ఆ మచ్చ పోగొట్టుకోవాలి. వచ్చీరాగానే కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన అరణా చాలునని తేల్చాడు. అంతకుముందు ధాన్యం లెక్క పౌనున్నర.

దీనికి ఎదురునిలిచినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. అతనూ సామ్రాజ్యపు వుద్యోగే, విప్లవకారుడేమీ కాదు. కాని డాక్టరు కనుక లెక్క వేశాడు. పని చేసే దేహానికి ఎంత తిండి కావాలి, పప్పు ఎంత, కూరగాయ ఎంత అని. జైలులో ఖైదీకి పెట్టే తిండితో పోల్చి చూపించాడు. కరువు పనిలో రాయి కొట్టే నిర్దోషికి అందులో వంతు కూడా తక్కువేనని తేలింది. నెలల తరబడి ఇద్దరూ ప్రకటనలూ ప్రతిప్రకటనలూ రాసుకున్నారు. చివరకు మద్రాసు ప్రభుత్వం కొంత వెనక్కు తగ్గి కూలి పెంచింది. ఈలోగా కలరా, దాని వెనుక జ్వరాలు తమ పని చేసుకుపోయాయి. చావుల పట్టీలలో ఆకలి పేరు రాయడం అరుదు. కలరా అనీ, విరేచనాలనీ, జ్వరమనీ రాసేవారు. ఆకలిని రోగం పేరు మార్చి పుస్తకంలోకి ఎక్కించే విద్య మనకు అప్పటినుంచీ వున్నది.

(కలరాకు దొరలు అతీతులు కారు. దత్తమండలాలలో రైతువారీ శిస్తు స్థిరపరచిన సర్ థామస్ మన్రో గవర్నరుగా పర్యటిస్తూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతోనే చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం అక్కడ తోపు వేసి బావి కట్టించారు, గుత్తిలో సత్రం కట్టించారు. కలరాకు మంచినీళ్ళే మందన్న సంగతి తెలియని రోజుల్లోనే బావి తవ్వించాలని తోచింది. కాని ఒక గవర్నరు చచ్చిపోవలసివచ్చింది.)

కార్నిష్ అడిగిన ప్రశ్న మరొకసారి ప్రభుత్వ పత్రాలలోకి వచ్చింది 1946లో. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమించిన కమిటీ నివేదిక ఆ యేడు వెలువడింది. దాని సంగ్రహ సంపుటాన్ని నా చేతిలో పెట్టిన మాస్టారికి నేను రుణపడి వున్నాను. డబ్బు ఇచ్చుకోలేడన్న కారణంతో ఏ మనిషికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది దాని మొదటి సూత్రం. సోవియట్ వైద్యవిధానం మీద గ్రంథం రాసిన హెన్రీ సిగరిస్ట్ 1944లో కమిటీ పిలుపుమీద మన దేశానికి వచ్చాడు. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది 1948 జూలై 5న. అంటే వలసదేశం కోసం రాసిన ఈ పత్రం యజమాని దేశపు సంస్కరణకు రెండేళ్ళు ముందు.

అప్పటికి దేశంలో ప్రతి వెయ్యిమందికి 0.24 ఆసుపత్రి పడకలు. పుట్టిన వెయ్యిమంది పిల్లల్లో 162 మంది ఏడాది నిండకుండా పోయేవారు. కమిటీ దీర్ఘకాల పథకం ప్రకారం 10 నుంచి 20 వేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం, దానికి 75 పడకల ఆసుపత్రి. అంతేకాదు, మంచినీరు, పోషకాహారం, ఇల్లు, ఉపాధి లేకుండా వైద్యం నిలవదని నివేదిక స్పష్టంగా చెప్పింది. 1952 అక్టోబరులో సమాజ వికాస పథకంతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 75 పడకలు 6 పడకలుగా దిగివచ్చాయి. ఒక్కొక్క కేంద్రం కింద పడిన జనం కమిటీ అనుకున్నదానికి ఎన్నో రెట్లు. నీళ్ళు వేరే శాఖకు, తిండి మరొక శాఖకు, భూమి ఇంకొక శాఖకు పంచబడ్డాయి. మా అవ్వ నడుము ఏ శాఖకూ చెందలేదు.

ఖాళీ వున్న చోట్ల దాతృత్వం ప్రవేశించింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి పాదుకొల్పిన సంస్థ 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. పుట్టపర్తిలో 1991లో ఉచిత గుండె ఆపరేషన్లు మొదలయ్యాయి. 1990ల మధ్యలో అక్కడి ట్రస్టే జిల్లాలో వందలాది గ్రామాలకు మంచినీటి పథకం కట్టింది. వీటిని ఎగతాళి చేసే హక్కు, ఆ నీళ్ళు తాగి బతికినవాళ్ళ ముందు, నాకు లేదు. కాని నీళ్ళు ఇవ్వడం ఒక రాజ్యం చేయవలసిన పని అని 1946లోనే అచ్చువేసి పెట్టుకున్న దేశం, దానిని భక్తులకూ దాతలకూ వదిలిపెట్టిందని చరిత్రకారుడు రాయక తప్పదు.

ఆరోగ్యశ్రీ విషయంలోనూ నిజం ఒప్పుకోవాలి. మా వీధిలోనే గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లవాడికి ఆ యేడే హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. అంతకుముందైతే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టి, ఎమ్మెల్యే చీటీ కోసం నెలలు తిరగవలసివచ్చేది. ఆ తల్లి ముందు నిలబడి ఇది వట్టి దోపిడీ అని నేను అనలేకపోయాను. నా హోటలు వాదన అక్కడ మూగబోయింది. ఆ పిల్లవాడి ఆపరేషనూ మా అవ్వ నీళ్ళూ ఒకదానికొకటి పోటీ అని ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న మాత్రం అప్పుడు నాకు తోచలేదు.

తర్వాత పథకం పేరు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు పెరిగింది. చికిత్సల సంఖ్య 3 వేలు దాటింది. 2025 సెప్టెంబరులో కొత్త వైద్య కళాశాలలు పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. వాటిలో ఒకటి పెనుకొండ, 2022 వరకు అనంతపురం జిల్లాలోదే. దానిమీద విద్యార్థులు వీధికెక్కారు, ఎక్కవలసిందే. నా క్లాసులో పిల్లలు వాదించుకుంటుంటే 2007 వేసవి హోటలే కళ్ళముందు కదులుతుంది. సీట్లు ఎన్ని, ఫీజు ఎంత, భూమి ఎవరికి అని వాదన సాగుతుంది. ఆ కళాశాల నుంచి బయటికి వచ్చే డాక్టరు ఏ ఆరోగ్య కేంద్రంలో కూర్చుంటాడని, ఆ వూరి నీటిలో ఏముందో ఎవరు కొలుస్తారని ఒక అమ్మాయి అడిగింది. తక్కినవాళ్ళు ఆమె విషయం దారి తప్పిస్తున్నదన్నారు.

ఆనాటి క్యాంపు గురించి ఒక ముక్క చెప్పడం మరచాను. బడి ఆవరణలో బోరింగు వుంది; తాగరాదని దానికి ఎర్ర రంగు పూసి చాలాకాలమయింది, మేము తాగుతూనే వున్నాం. డాక్టర్లు, నర్సులు పట్నం నుంచి నీళ్ళ క్యాన్లు తెచ్చుకున్నారు. సాయంత్రం వ్యాను వెళ్ళిపోయాక ఒక క్యానులో సగం నీళ్ళు మిగిలాయి. అవ్వ నన్ను పంపి దానిని ఇంటికి తెప్పించింది. మూడు రోజులు పొదుపుగా తాగింది.