చంద్రశేఖరుడూ, కూలిపోయే నక్షత్రాలూ

మా నేపర్‌విల్ నుంచి ఉత్తరంగా గంటన్నర పైగా కారులో వెళితే, విస్కాన్సిన్‌లో విలియమ్స్ బే అని చిన్న ఊరు. మనవాళ్ళు పక్కనున్న జెనీవా సరస్సుకి పిక్నిక్కులకి వెళ్తారు గానీ, అక్కడి యెర్కీస్ అబ్జర్వేటరీని పెద్దగా పట్టించుకోరు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1937లో వచ్చి చేరింది అక్కడే.

అన్నట్టు, ఈయనకి తాతగారి పేరే పెట్టారు. ఆ తాతగారు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్కలూ, ఫిజిక్సూ చెప్పిన మేష్టారు. సి.వి. రామన్ ఆయన కొడుకే. తమిళులైనా మనకి కాస్త చుట్టరికం ఉన్నట్టే!

1930లో మద్రాసులో చదువు ముగించి, పంతొమ్మిదేళ్ళ వయసులో ఓడెక్కి ఇంగ్లండు వెళ్తూ దారిలో ఒక లెక్క చేశాడు. ఇంధనం అయిపోయిన నక్షత్రం తన బరువుకి తనే కుంగుతుంది. ఇరుకున పడ్డ ఎలక్ట్రాన్లు ఎదురు తన్ని ఆ కుంగుబాటుని ఆపుతాయి. కానీ బరువు ఎక్కువయ్యేకొద్దీ వాటి వేగం కాంతివేగానికి దగ్గరవుతుంది. అంతకు మించి పెరగలేదు కాబట్టి, ఒత్తిడీ చాలినంత పెరగదు. సూర్యుడి బరువుకి సుమారు 1.4 రెట్లు దాటితే ఎలక్ట్రాన్లు చేతులెత్తేస్తాయి.

1935 జనవరి 11న లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఈ సంగతి చెప్పాడు. వెంటనే ఎడింగ్టన్ లేచాడు. చిత్రమేమిటంటే, ఆయనకి విషయం పూర్తిగా అర్థమైంది. నక్షత్రం అలా కుంగుతూ పోతే చివరికి వెలుతురుని కూడా బయటకి పోనివ్వదని ఆయనే వివరించాడు. అంటే కృష్ణబిలాన్నే వర్ణించాడు! కాకపోతే, ఇలాంటి అసంబద్ధం జరగకుండా ప్రకృతిలో ఏదో నియమం ఉండితీరాలన్నాడు. సభలో నవ్వులు.

లెక్కలో తప్పు ఎవరూ చూపించలేదు. సరైనదని తెలిసినవాళ్ళూ పెద్దాయనతో గొడవెందుకని పైకి అనలేదు. చంద్రశేఖర్ 1939లో నక్షత్రాల నిర్మాణం మీద పుస్తకం రాసేసి వేరే సమస్యలకి మళ్ళాడు. అదే ఏడాది ఓపెన్‌హైమర్, స్నైడర్ భారీ నక్షత్రం కూలుతూ బయటి లోకంతో తెగతెంపులు చేసుకుంటుందని ఐన్‌స్టీన్ సమీకరణాలతోనే చూపించారు. 1965లో పెన్‌రోజ్ ఈ పతనం ఒక హద్దు దాటాక ఇక ఆగదని నిరూపించాడు. 2015లో లైగో రెండు కృష్ణబిలాలు ఢీకొన్న అలల్ని పట్టింది. చంద్రశేఖర్ కూడా చివరికి అక్కడికే తిరిగొచ్చాడు. కృష్ణబిలాల గణితం మీద ఆయన పుస్తకం, నోబెల్ బహుమతి, రెండూ 1983లోనే.

మీటింగులో పెద్ద తలకాయ ఒక జోకు వేస్తే, సరైన లెక్క చెబుతున్న కుర్రాడు నోరు మూసుకుని కూర్చోవడం నేనూ చూశాను. ఆ కుర్రాడు నేనే అయిన రోజులున్నాయి. అది ఎప్పుడూ గుర్తుంటుంది. ఇంకొకడి మీద వేసిన జోకుకి నేను నవ్విన రోజులు మాత్రం, ఈ కథ చదివాకే గుర్తొచ్చాయి.