సరకు బండికి పట్టా: ఎంపిక, వాడకం, జాగ్రత్తలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు దోఆబులో ముదగల్ పట్టణం తన కోట వలన, మొహర్రం ఉత్సవం వలన దూరప్రాంతాలకు సైతం తెలిసినది. అయితే చుట్టుపక్కల గ్రామాల కుటుంబాలకు ముదగల్ అనగా ముందుగా గుర్తుకు వచ్చేది సరకు ఎక్కించుకొని పోయే దారి. కంది, ప్రత్తి, మిరప, సజ్జ, వరి ఏదైనా సరే, పొలం నుండి మార్కెట్టు యార్డుకు చేరితేనే ధర పలుకుతుంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు, ఆ తరువాత ట్రాక్టర్లు చేసిన పనిని 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుండి చిన్న సరకు బండ్లు, వాటితోపాటు బొలెరో పికప్ వంటివి చాలావరకు చేపట్టినవి.

ఈ బండ్లలో అధికభాగానికి వెనుక భాగం తెరిచియుంటుంది. ముదగల్ నుండి లింగసూగూరు మీదుగా రాయచూరు చేరవలెనన్న నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. మధ్యలో ఒక్క జల్లు పడితే చాలు, ఆరు నెలల కష్టం తడిసిపోతుంది. బండి కొనేటప్పుడు నెలల తరబడి ఆలోచించే కుటుంబాలు, దానిపై కప్పే పట్టాను మాత్రం మబ్బు పట్టిన రోజున దుకాణంలో చేతికందినది కొనుట తరచుగా కనిపిస్తుంది. పంట ధరను నిలబెట్టేది ఆ పట్టాయే కావున దానిని గురించి కొంత తెలిసియుండుట మేలు.

పేరు, రకాలు

టార్పాలిన్ అను మాటకు మూలం ఆంగ్లం. తారు పూసిన ముతక గుడ్డను ఓడలపై కప్పుట నుండి ఆ పేరు వచ్చినది. మనవారు దీనిని పట్టా అనీ, పరదా అనీ అంటారు. కన్నడంలో తాడపత్రి, తాడపాలు అను పేర్లు వాడుకలో ఉన్నవి. సరిహద్దు దుకాణాలలో ఏ పేరు చెప్పినా వస్తువు దొరుకుతుంది గాని, అడిగిన రకం దొరికినదా లేదా అన్నది కొనువారే చూచుకోవలెను. ముఖ్యమైన రకాలు మూడు.

మొదటిది నూలు కాన్వాసు పట్టా. నీరు దిగకుండా దీనికి మైనము మొదలగు పూతలు పట్టిస్తారు. ఇది బరువు ఎక్కువ, వెల ఎక్కువ. కాని కొంత గాలి ఆడనిస్తుంది, వేడికి కరగదు, గాలికి అంతగా కొట్టుకోదు. తడిగా మడిచి ఉంచితే బూజు పడుతుంది.

రెండవది ప్లాస్టిక్ పట్టా. అధిక సాంద్రత గల పాలిథీన్ పట్టీలను నేసి, రెండువైపులా పలుచని పొర అతికించి దీనిని తయారుచేస్తారు. నీలం, పసుపు, నలుపు రంగులలో సంతలలో కనిపించేది ఇదే. తేలిక, చవక, నీరు పీల్చదు. అయితే ఎండకు త్వరగా పెళుసుబారుతుంది.

మూడవది పి.వి.సి. పూత వేసిన పాలిస్టర్ పట్టా. పెద్ద లారీలపై బిగించి కట్టేది ఇది. బరువు ఉన్నది, మన్నిక ఉన్నది, వెల కూడ ఉన్నది. రోజూ కిరాయికి తిరిగే బండికి ఇది గిట్టుబాటు కావచ్చును. పంట కాలంలో మాత్రమే వాడే కుటుంబానికి అంత అవసరం ఉండదు.

భారతీయ ప్రమాణాల సంస్థ ప్లాస్టిక్ పట్టాలకు ఐ.ఎస్. 7903, కాన్వాసు పట్టాలకు ఐ.ఎస్. 2089 అను ప్రమాణాలను నిర్ణయించినది. ఆ సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. ముద్రయు ఉన్నదానికి ప్రాధాన్యం ఇవ్వవలెను.

కొలత తీసుకొను విధానం

బండి కొలతకు సరిపోయే పట్టా అడుగుట సాధారణంగా జరిగే పొరపాటు. పట్టా కప్పవలసినది బండిని కాదు, బండిపై నిండిన సరకును. కావున మూడు కొలతలు కావలెను: వెనుక తొట్టి పొడవు, వెడల్పు, పక్క పలకలకు పైన సరకు లేచే ఎత్తు.

ఉదాహరణకు తొట్టి పొడవు 9 అడుగులు, వెడల్పు 5½ అడుగులు, పలకల పైన సరకు ఎత్తు 3 అడుగులు అనుకొందము. పొడవుకు ముందు, వెనుక ఎత్తులు కలిపి 6 అడుగులు, పలకల మీదుగా దిగి కట్టుటకు ఇరువైపులా ఒక్కొక్క అడుగు, అనగా మొత్తం 17 అడుగులు. వెడల్పుకు అదే లెక్కన 13½ అడుగులు. కావున 18 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల పట్టా సరిపోతుంది. ఇంతకంటె చాల పెద్దది కొంటే వేలాడే అంచులు చక్రాలకు చుట్టుకొను ప్రమాదం ఉన్నది.

దుకాణంలో చెప్పే కొలత తరచుగా అంచులు మడిచి కుట్టకముందు కొలత. టేపు పట్టుకొని పోయి, విప్పి కొలిచిన తరువాతనే డబ్బు చెల్లించుట మంచిది.

మందం తూకంలో తెలుస్తుంది

పట్టా మందాన్ని జి.ఎస్.ఎం. అను లెక్కలో చెబుతారు. అనగా ఒక చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. దీనిని పరీక్షించుటకు యంత్రాలు అక్కరలేదు, కాటా ఉంటే చాలును.

18 × 15 అడుగుల పట్టా వైశాల్యం 270 చదరపు అడుగులు, అనగా సుమారు 25 చదరపు మీటర్లు. అది నిజముగా 250 జి.ఎస్.ఎం. అయితే ఆరుంబావు కిలోల వరకు తూగవలెను. నాలుగు కిలోలలోపే తూగినచో అది 150 పాటిది మాత్రమే. ఈ లెక్క ఏడవ తరగతి పిల్లలు కూడ చేయగలరు. వారిని వెంట తీసుకొని పోయి చేయించుట రెండు విధాల లాభం.

తూకం చూచిన తరువాత పట్టాను ఎండకు ఎత్తి పట్టుకొని సూదిబెజ్జాల వంటి వెలుగు చుక్కలు ఉన్నవేమో చూడవలెను. అంచులలో తాడు కలిపి కుట్టియున్నదా, రింగులు ఇత్తడివా లేక అల్యూమినియంవా, మూలలలో అదనపు పొర వేసినారా అన్నది పరిశీలించవలెను. పట్టా సాధారణంగా నడుమ చిరగదు, రింగు వద్ద చిరుగుతుంది.

ఏ సరకుకు ఏ జాగ్రత్త

మద్దతు ధర కొనుగోలులో తేమకు హద్దు ఉన్నది. కందికి 12 శాతం, వరికి 17 శాతం మించరాదు. ప్రత్తికి 8 శాతం ప్రాతిపదిక. అక్కడి నుండి పెరిగిన కొలది ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే భారత ప్రత్తి సంస్థ కొనదు. దారిలో తడిసిన సరకును యార్డులో ఆరబెట్టుటకు చోటు, సమయం దొరకుట కష్టం. ఆ తొందరలో అమ్మినప్పుడు దళారి చెప్పినదే ధర అవుతుంది.

అట్లని పచ్చి సరకును బిగించి కప్పుట కూడ నష్టమే. సరిగా ఆరని మిరప, వరి, వేరుశెనగ ప్లాస్టిక్ పట్టా కింద వేడెక్కి చెమర్చుతాయి. ఆ తడి పట్టా లోపలివైపు పేరుకొని తిరిగి సరకుపైననే పడుతుంది. బూజు పట్టిన మిరప, వేరుశెనగలలో అఫ్లాటాక్సిన్ అను విషపదార్థం పుట్టే అవకాశం ఉన్నది. వాన లేనప్పుడు వెనుకవైపు అంచు కొంత ఎత్తి గాలి ఆడనివ్వవలెను. ఉల్లి, టమాట, కూరగాయలకు, మేకలు గొర్రెలకు ఇది మరింత ముఖ్యం.

ప్రత్తి విషయంలో ఇంకొక మాట. పాతబడి పోగులు లేచిన ప్లాస్టిక్ పట్టాను ప్రత్తిపై కప్పినచో ఆ పోగులు ప్రత్తిలో కలుస్తాయి. అవి జిన్నింగులో విడిపోవు, నూలు వరకు పోయి గుడ్డలో మచ్చలవుతాయి. ప్రత్తిలో ఇటువంటి మలినాలను తగ్గించుట 2000లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ప్రత్తి సాంకేతిక మిషన్ లక్ష్యాలలో ఒకటి. ప్రత్తికి కాన్వాసు గాని, దూది అంటే వైపు నూలు దుప్పటి పరచి దానిపై ప్లాస్టిక్ పట్టా గాని వాడుట మేలు. బీడీ నిప్పు దరిదాపులకు రానీయరాదు.

పురుగుమందు డబ్బాలు మోసిన పట్టాను తినే ధాన్యంపై కప్పరాదు. రెండింటికి వేర్వేరు పట్టాలు ఉంచుకొనుటయే సరియైన పద్ధతి.

కప్పి కట్టే విధానం

సరకును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా పేర్చవలెను. నడుమ గుంట ఉన్నచో నీరు నిలుస్తుంది. ఒక చదరపు మీటరు గుంటలో 10 సెంటీమీటర్ల నీరు నిలిచినా నూరు కిలోల బరువు. అంత బరువుకు మంచి పట్టా కూడ సాగుతుంది. తరచుగా కిరాయికి పోయే బండికి ఇనుప కమానులు పెట్టించి దానిపై పట్టా కప్పుట వలన ఈ బాధ తప్పుతుంది.

ముందు అంచు క్యాబిన్ వెనుక లోనికి మడిచి ఉండవలెను. గాలి ఆ అంచు కిందికి దూరినచో పట్టా మొత్తం గాలిపటం వలె లేస్తుంది. రెండు పట్టాలు వాడినప్పుడు ముందుగా వెనుకది కప్పి, దాని అంచుపైకి వచ్చునట్లు ముందుది కప్పవలెను. ఎదురుగాలి అప్పుడు సందులోనికి పోదు.

తాళ్ళకు కూడ స్వభావాలు ఉన్నవి. జనప తాడు, నూలు తాడు తడిస్తే బిగుస్తాయి. నైలాన్ తాడు తడిస్తే సాగి వదులవుతుంది. పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు రింగులపై కుదుపు భారాన్ని తగ్గిస్తాయి, కాని ఎండకు పగులుతాయి కనుక వాటినే నమ్ముకొనరాదు. బస్తాల మూలలు, ఇనుప అంచులు తాకేచోట గోనెపట్టా మడిచి పెట్టవలెను. బయలుదేరిన పది కిలోమీటర్లలోపే ఒకసారి ఆగి తాళ్ళు చూచుకొనవలెను. కుదుపులకు సరకు దిగి తాళ్ళు వదులవుట సహజం.

పట్టా కింద మనుషులు కూర్చోరాదు

అన్ని జాగ్రత్తలకంటె ముఖ్యమైనది ఇది. కూలిపనులకు, పెండ్లిండ్లకు, జాతరలకు, ముదగల్ మొహర్రంకు సరకు బండ్లలో ఇంటిల్లిపాది కూర్చుండి పోవుట ఈ ప్రాంతంలో కొత్త కాదు. ఎండకో వానకో పైన పట్టా కప్పి, పిల్లలను లోపల పడుకోబెడతారు. ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నవి.

మొదటిది కంటికి కనిపించనిది. బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బండి ముందుకు పోవుచున్నప్పుడు వెనుక గాలి సుడి తిరిగి ఆ పొగను పట్టా కిందికి లాగుతుంది. అమెరికాలో సియాటిల్ వైద్యులు పికప్ బండ్ల వెనుక ప్రయాణించి ఈ వాయువు బారిన పడిన 20 మంది పిల్లల వివరాలను 1992లో ప్రచురించినారు. వారిలో 17 మంది గట్టి మూత కింద, ముగ్గురు టార్పాలిన్ కింద కూర్చున్నవారు. 15 మంది స్పృహ తప్పినారు, ఒకరు మరణించినారు, ఒకరికి మెదడుకు శాశ్వత నష్టం కలిగినది. పొగగొట్టం కారుటయో, అది వెనుకవైపుకు తెరిచియుండుటయో అందుకు కారణమని తేలినది. పిల్లవాడు నిద్రపోవుచున్నాడని పెద్దలు అనుకొను సమయంలో అతడు స్పృహ తప్పియుండవచ్చును.

రెండవది బోల్తా పడుట. 2025 జనవరి 22న తెల్లవారుజామున ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపుర వద్ద కూరగాయలతోపాటు వ్యాపారులను ఎక్కించుకొని పోవుచున్న లారీ లోయలో పడి 10 మంది మరణించినారు. సవణూరు నుండి కుమటా సంతకు బయలుదేరిన బ్రతుకుతెరువువారు వారు. సరకుతోపాటు కూర్చున్నవారిపై సరకే పడుతుంది. పైన పట్టా కట్టియున్నచో బయటకు వచ్చే దారి కూడ ఉండదు.

భీమా సంగతి కూడ తెలిసియుండవలెను. 1994లో మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం సరకు బండిలో సరకు యజమాని, లేదా అతని ప్రతినిధి మాత్రమే భీమా పరిధిలోనికి వస్తారు. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు భీమా సంస్థ బాధ్యత వహించదని సుప్రీం కోర్టు 2002లో తీర్పు చెప్పినది. సరకు యజమాని అయినను క్యాబిన్‌లోనే కూర్చుండవలెనని 2007లో మరియొక తీర్పు వచ్చినది. అనగా వెనుక కూర్చున్నవారికి ప్రమాదం జరిగినప్పుడు ఆ భారం బండి యజమాని ఇంటిపైన, బాధితుని ఇంటిపైన పడుతుంది. తరచుగా ఆ రెండిళ్ళూ ఒకే వీధిలోనివి.

గట్టి మూతలు, మార్పులు

విదేశాలలో పికప్ తొట్టికి మడతపెట్టే మూతలు, చుట్టుకొనే మూతలు బిగించుట సాధారణం. మన దేశంలో కూడ ఇసుజు, టొయోటా హైలక్స్ వంటి బండ్లకు అవి దొరుకుతాయి. అవి పలకల మట్టానికే మూసుకొనును గనుక ఎత్తుగా పేర్చే కంది బస్తాలకు, ప్రత్తికి పనికిరావు. సామాను, పనిముట్లు మోయువారికి మాత్రమే అవి ఉపయోగం.

ఇనుప రేకులతో శాశ్వతంగా మూసిన బాడీ కట్టించదలచినవారు ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అనుమతి పొంది, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకొనవలెను. తాళ్ళతో కట్టి విప్పే పట్టాకు అటువంటి అనుమతి అక్కరలేదు. పట్టా కప్పినంత మాత్రాన అధిక బరువు దాగదు. 2019 సవరణ తరువాత అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉన్నది.

సంరక్షణ

పట్టాకు పెద్ద శత్రువు వాన కాదు, ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయచూరు ఎండలో పని లేనప్పుడు కూడ బండిపై పరచి ఉంచిన ప్లాస్టిక్ పట్టా త్వరగా పొడిపొడిగా రాలుతుంది. పని తీరిన వెంటనే దులిపి, ఆరబెట్టి, ప్రతిసారి ఒకే గీతపై కాక వేర్వేరు చోట్ల మడిచి, నీడలో, నేలకు ఎత్తున ఉంచవలెను. గింజల వాసన ఉన్నచో ఎలుకలు కొరుకుతాయి. కాన్వాసును సబ్బుతో ఉతికినచో పూత పోతుంది, మంచినీటితో కడిగితే చాలును.

చిన్న చిరుగు కనిపించిన రోజుననే బాగుచేయవలెను. కాన్వాసుకు ముక్క వేసి కుట్టి, కుట్టుపై మైనం రుద్దవలెను. పి.వి.సి. పట్టాకు తగిన జిగురుతో ముక్క అతికించవచ్చును. ప్లాస్టిక్ పట్టాకు సాధారణ జిగురు పట్టదు, టార్పాలిన్ టేపును రెండువైపులా అతికించవలెను. పూర్తిగా పాడైన పట్టాను పొలంలో వదలినచో పశువులు తింటాయి, కాల్చినచో విషవాయువులు వస్తాయి. పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇచ్చుట మేలు.

రాయితీ పట్టాలు

కర్ణాటకలో వ్యవసాయ శాఖ హోబళి స్థాయిలోని రైతు సంపర్క కేంద్రాల ద్వారా నిధులు ఉన్నప్పుడు రాయితీపై తాడపాలు ఇస్తుంది. పహణి, ఆధార్, ఫ్రూట్స్ గుర్తింపు సంఖ్య సిద్ధంగా ఉంచుకొనవలెను. సరిహద్దుకు ఆవల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు తమ మండల వ్యవసాయ కార్యాలయంలో విచారించవచ్చును. ఇవి ప్రధానంగా కళ్ళంలో పంట ఆరబెట్టుటకు ఉద్దేశించినవి. కళ్ళంలో రాళ్ళపై పరచిన పట్టాకు బెజ్జాలు పడుట తప్పదు కనుక, దానినే బండికి వాడక రెండు పట్టాలను వేరుగా ఉంచుకొనుట వివేకం.

కొనేముందు గుర్తుంచుకొనవలసినవి

1. సరకు ఎత్తుతో కలిపి కొలత తీయుట.
2. విప్పి కొలుచుట, కాటాపై తూచుట, ఎండకు ఎత్తి చూచుట.
3. సరకును బట్టి రకం: ప్రత్తికి కాన్వాసు, పొడి ధాన్యానికి ప్లాస్టిక్, నిత్య కిరాయికి పి.వి.సి.
4. రింగులు, మూలలు, అంచుల కుట్టు పరిశీలించుట.
5. పట్టా కింద సరకు మాత్రమే. మనుషులకు క్యాబిన్, లేదా బస్సు.