ఫార్మసీ డిప్లొమా శిక్షణ (గోదావరిఖని ప్రాంతం)

1948 నాటి ఫార్మసీ చట్టంలో ‘టెక్నీషియన్’ అనే వేరే హోదా లేదు. డాక్టరు చీటీపై మందులిచ్చే బాధ్యత నమోదైన ఫార్మసిస్టుదే. రామగుండం, గోదావరిఖని యువతకు ఈ వృత్తిలోకి తొలి మెట్టు డి.ఫార్మసీ. ఇంటర్‌లో బైపీసీ లేదా ఎంపీసీ, ఆపై రెండేళ్ల చదువు, మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల శిక్షణ, చివరికి తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు.

పని నిజంగా పట్టుబడేది ఆ శిక్షణలోనే: చీటీ చదవడం, మోతాదు, గడువు తేదీ సరిచూడడం, ఏ పూట ఎలా వేసుకోవాలో రోగికి అర్థమయ్యేలా చెప్పడం. గోదావరిఖనిలోని సింగరేణి ఏరియా ఆసుపత్రి బొగ్గు గని కార్మికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందిస్తుంది. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గు ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కనుక, ఇన్‌హేలర్ వాడే తీరును ఓపికగా చేసి చూపడం ఇక్కడి ఫార్మసిస్టుకు ఎంతో అవసరమైన నేర్పు.