ప్రపంచాన్ని తొమ్మిదిసార్లు చుట్టిన ఉత్తరం

సోషల్ మీడియాలో నకిలీ ఖాతాలు ఒకే వాక్యాన్ని పొల్లుపోకుండా వల్లిస్తుంటాయి. ఆ అలవాటుకు ముత్తాత, పోస్టులో తిరిగిన గొలుసు ఉత్తరం.

ఇంగ్లిషులో దశాబ్దాలపాటు తిరిగిన అదృష్టపు ఉత్తరం ఒకటుంది. ఇది ప్రపంచాన్ని తొమ్మిదిసార్లు చుట్టి వచ్చింది, ఇరవై ప్రతులు తీసి పంపండి, నాలుగు రోజుల్లో అదృష్టం వరిస్తుంది: ఇదీ దాని పాట. పంపినవాడికి డబ్బు, పక్కన పడేసినవాడికి చావు. ఎన్ని చేతులు మారినా ఆ ‘తొమ్మిది’ దాదాపు చెక్కుచెదరలేదు. మనుషుల పేర్లు, డబ్బు లెక్కలే మారిపోయాయి. కారణం జిరాక్సు. ప్రతికి ప్రతి తీసేకొద్దీ అక్షరాలు అలుక్కుపోయేవి. చదవలేనివాళ్లు తమకు తోచింది టైపు చేసి మళ్లీ వదిలేవాళ్లు.

1980-95 మధ్య సేకరించిన 33 ప్రతులను పరిశోధకులు చార్లెస్ బెనెట్, మింగ్ లీ, బిన్ మా పక్కపక్కన పెట్టి, జన్యువులను పోల్చినట్టు పోల్చి వంశవృక్షం గీశారు. 2003లో సైంటిఫిక్ అమెరికన్‌లో అచ్చయిన ఆ వ్యాసం అపురూపమైనది. చిత్తుకాగితాలకు చరిత్ర దక్కింది.

తెలుగునాట గొలుసు ఉత్తరం పని కరపత్రం చేసింది. గుళ్లో పాము కనిపించి మాట్లాడిందట. ఈ కాగితం అచ్చు వేయించి పంచితే మేలు, పారేస్తే కీడు. భయపడినవాళ్లే ప్రెస్సుకు డబ్బు కట్టారు, బాధ కలిగించేది అదే. తర్వాత ఆ మాటే ఎస్సెమ్మెస్‌లోకి, అక్కణ్ణించి వాట్సాప్‌లోకి దూరి ‘పది మందికి పంపండి’ అయింది. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేస్తామని ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే బాగా తిరిగిన సందేశాలకు ఆ ఐదును ఒకటికి కుదించింది.